ఎరువు బ్యాడ్జీ

కిందటి వారం మీరు నన్ను కాన్ఫరెన్సు హాలు బయట ప్లాస్టిక్ కుర్చీలో వదిలి వెళ్ళారు. అక్కడే ఉన్నాను. లోపలికి పిలిచే మూడో మనిషిని నేనే. జాకెట్టులో దోపుకున్న కాగితం చెమటకి తడిసి ఒంటికి అంటుకుంటోంది. మా తోడికోడలు రోజారమణికి ఇచ్చిన ఉద్యోగం తీసి నాకు ఇవ్వమని అందులో రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి రాసిన కాగితం అది. నాలుగోసారికి గాని నా దస్తూరీలో వణుకు పోలేదు.

మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకి మా గొడవ కంఠతా వచ్చి ఉంటుంది. మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. పెందుర్తి దాటాక మా ఊరి పొలాల్లో తూర్పుగిరి వైరింగ్స్ అనే ఫ్యాక్టరీ వెలిసింది. కార్లలో లైటు నుంచి హారను దాకా అన్నిటినీ నడిపించే వైర్ల కట్టలు అక్కడ తయారవుతాయి. పొలం ఇచ్చిన ఇంటికి ఒక పర్మినెంటు ఉద్యోగం అని ఊరందరి ముందు మైకులో చెప్పారు. మా మామ సన్యాసిరాజు ఆ మైకు మాట నమ్మి సంతకం పెట్టాడు, ఉద్యోగం ఇంటికి రాకుండానే పోయాడు. నేను పెద్దకోడల్ని, దేవిశ్రీని. ఎనిమిదేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచే రోజా నాకంటే మూడేళ్ళు వెనక చేరింది. రెండేళ్ళ కిందట మా ఇంటికి రావలసిన ఉద్యోగం వచ్చింది. కాగితం మీద రోజా పేరుంది.

రోజా మా అత్త జోగమ్మకి మేనకోడలు. ఇక వేరే కారణం వెతుక్కోవాలా? నేను వెతకలేదు.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. మా రోజా నవ్వనైనా నవ్వలేదు. నవ్వి ఉంటే ఒక రోజు దెబ్బలాడుకుని ఊరుకునేదాన్ని. కాంట్రాక్టు వాళ్ళకి బూడిద రంగు కోటు, పర్మినెంటు వాళ్ళకి నీలం కోటు. రెండూ మా పెరట్లో ఒకే తాడు మీద ఆరేవి. నా కోటు ఉతికిన కొద్దీ వెలిసిపోయేది, దానిది ఉతికిన కొద్దీ మరింత నీలంగా కనిపించేది. ఒకసారి దాని కోటు తాడు మీంచి జారి బురదలో పడితే చూసి కూడా తీయకుండా లోపలికి వచ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కాని మీ దగ్గర దాచి లాభమేముంది?

కంపెనీ బస్సులో దానికి కిటికీ పక్క సీటు. క్యాంటీనులో ఫ్యాను కింద బల్ల. నేను షిఫ్టంతా బోర్డు ముందు నిలబడి మేకుల మధ్య వైర్లు అల్లుతుంటే, అది తనిఖీ గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని, తెల్ల గ్లౌజులు వేసుకుని, తయారైన కట్టలకి టిక్కులు పెట్టేది. ఆ స్టూలు నా కలలోకి కూడా వచ్చింది.

దాని ఎడమ చూపుడు వేలికి కొన లేదు. మా ఇంటి ఇనప గేటు సందులో పడి నలిగిపోయింది. నాకు ఆ వేలు మీద కూడా అసూయే. ఆ వేలు వంక పెట్టి అత్త దాని చేత చేపలు కోయించేది కాదు, కొబ్బరి కోరించేది కాదు. రెండేళ్ళుగా మా ఇంటి చేపలన్నీ నేనే కోశాను. వేలు పోయినదాన్ని చూసి కుళ్ళుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని అడిగితే, ఉంది, ఇదిగో ఈ కుర్చీలో కూర్చుంది.

మూడో నంబరు అని పిలిచారు.

తలుపు దగ్గర హెచ్ఆర్ మేనేజరు నాగవంశీ నిలబడి ఉన్నాడు. కృష్ణా జిల్లా మనిషి. మాట మెత్తగా ఉంటుంది, పని మాత్రం అంత మెత్తగా ఉండదు. మూడు రోజులుగా మా అందరికీ జవాబులు నేర్పించింది అతనే. భోజనం ఎలా ఉంటుందని అడిగితే బాగుంటుందనాలి, సెలవు ఇస్తారా అంటే అడగ్గానే ఇస్తారనాలి. నిన్న సాయంత్రం ప్రెస్ గదిలో అడ్డు రేకు బిగించి దానికి పసుపుపచ్చ పెయింటు కూడా కొట్టించాడు. వైరు చివర ఇత్తడి క్లిప్పు పెట్టి నొక్కే మిషన్‌ని మేం ప్రెస్ అంటాం. చెయ్యి లోపలికి పోకుండా దాని ముందు ఆ రేకు ఉండాలి. ఉంటే పని నెమ్మదిస్తుంది, టార్గెట్ అందదు. అందుకని ఏడాది పొడుగునా దాన్ని విప్పి బీరువా వెనక పడేస్తారు, ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే తెచ్చి బిగిస్తారు. రెండేళ్ళ కిందటి దాకా ఆ ప్రెస్ నాదే. ఇప్పుడు మా వీధి పిల్ల నిఖిత కూర్చుంటోంది.

లోపల ఒక్కావిడే ఉంది. యాభై దాటిన మనిషి, నేత చీర, మెడలో తాడుకి కళ్ళజోడు. పేరు కుసుమకుమారి అని చెప్పింది. వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చాడట, తను టౌన్‌షిప్పులోనే పుట్టి పెరిగిందట. మా వైర్లు కొనే కార్ల కంపెనీ ఆమెని పంపింది. ఇక్కడ మనుషుల్ని న్యాయంగా చూస్తున్నారో లేదో కనుక్కుని రాయడం ఆమె పని. లేదని రాస్తే ఆర్డరు ఆగిపోవచ్చు. నాగవంశీ ముఖాన మూడు రోజులుగా నెత్తురు చుక్క లేనిది అందుకే.

ఆమె భోజనం గురించి అడగలేదు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావని అడిగింది. ఎనిమిదేళ్ళన్నాను. ఎనిమిదేళ్ళూ కాంట్రాక్టేనా అని మళ్ళీ అడిగి, కళ్ళజోడు పెట్టుకుని రాసుకుంది. ఎవరూ అడగని ప్రశ్న అడిగేసరికి నాకు ధైర్యం వచ్చింది. జాకెట్టులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆమె ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది. రోజారమణికి ముందు ఎందుకిచ్చారని అనుకుంటున్నారని అడిగింది.

"మా అత్త మేనకోడలు మేడమ్. నాగవంశీ సారు కాడికెల్లి అత్త సెప్పుకున్నాది. నాను బయట నుంచి వచ్చినదాన్ని, నా కోసం ఎవులు సెప్తారు?"

ఆ మాట అనేసరికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. రెండేళ్ళ మంట ఒక్క ముక్కలో కక్కేశాను. ఆమె నా కాగితాన్ని పక్కన పెట్టి, ఒక ఫైలు దగ్గరకి లాక్కుంది.

"మీ చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగింది.

పని వల్ల వచ్చే నొప్పుల గురించి అనుకున్నాను. షిఫ్టంతా నిలబడి చేస్తాం కాబట్టి నడుము నుంచి భుజం దాకా లాగుతుందని చెప్పాను. అది కాదంది. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టమంది. పెట్టాను. ఆమె నా చూపుడు వేలు పట్టుకుని, కొన దగ్గర నొక్కి, గోరు చూసి వదిలేసింది. తర్వాత ఫైల్లోంచి ఒక చీటీ తీసి నా ముందుకు జరిపింది.

గోపాలపట్నంలో ఒక చిన్న నర్సింగ్ హోం చీటీ అది. దేవిశ్రీ, వయసు ముప్పై రెండు, బ్యాడ్జీ నంబరు 417, ఎడమ చూపుడు వేలి కొన నలిగినందున తీసివేయడమైనది. కింద తేదీ ఉంది. రెండేళ్ళ కిందటిది.

ఈ చీటీ కంపెనీ ఖర్చుల ఫైల్లో దొరికిందని, ప్రమాదాల పుస్తకంలో మాత్రం ఆ రోజు పేజీ తెల్లగా ఉందని ఆమె చెప్పింది. గేటు దగ్గర బోర్డు మీద ప్రమాదం లేని రోజులు పదకొండు వందలు దాటాయని రాసి ఉంది కదా, ఆ లెక్క ఈ తేదీ మీదుగా ఆగకుండా నడిచిపోయింది.

"పేరు మీదే, నంబరు మీదే," అంది కుసుమకుమారి. "మీకు అయిదు వేళ్ళూ ఉన్నాయి. మరి ఈ వేలు ఎవరిదమ్మా?"

తేదీ చూశాను. మంగళవారం. మా ఊరి నూకాలమ్మ పండగ.

ఆ రోజు నేను ఫ్యాక్టరీలో లేను. మా ఇంటి తరఫున అమ్మవారి గటం కుండ పెద్దకోడలే నెత్తిన పెట్టుకోవాలి, అది తరాల నుంచీ ఉన్న ఆచారం. కాంట్రాక్టు వాళ్ళకి పండగ సెలవు లేదు. మూడు నాగాలు పడితే లిస్టులోంచి పేరు తీసేస్తారు, మళ్ళీ చేరితే కొత్తవాళ్ళ కిందే లెక్క. నాకు అప్పటికే రెండు పడ్డాయి. రోజాకి అప్పట్లో మంగళవారం వారపు సెలవు. నా బ్యాడ్జీ తీసి దాని మెడలో వేశాను. ఇది మేమిద్దరమే చేసిన పని కాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో సగం లైను వేరేవాళ్ళ పేర్లతో నడిచేది. టోపీ, మాస్కు వేసుకుంటే ఎవరు ఎవరో సూపర్‌వైజరుకే తెలియదు, తెలిసినా లెక్క అందితే చాలు అతనికి. ఎరువు సొమ్ము బరువు చేటు అని మా అమ్మ అనేది. బ్యాడ్జీ కూడా ఎరువు సొమ్మేనని, ఒకరిది ఒకరు పెట్టుకుంటే చేటేనని అప్పుడు తోచలేదు.

ఆ సాయంత్రం గటం దించి ఇంటికొచ్చేసరికి రోజా చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది. గేటులో పడిందని అత్త చెప్పింది. పండగ పూట రక్తం కళ్ళజూశామని నేను దాన్నే విసుక్కున్నాను. మర్నాడు నన్ను ప్రెస్ నుంచి బోర్డు లైనుకి మార్చారు. ఆ నెలలోనే బ్యాడ్జీలు తీసేసి వేలిముద్ర మిషన్ పెట్టారు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. నేను నీలం కోటు వంకే చూస్తున్నాను, ఇంకేదీ చూడలేదు.

చీటీని కుసుమకుమారి వైపు తిరిగి జరిపాను. ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. రెండు గంటలకి మళ్ళీ రమ్మంది. తను ఊహించుకుని రాయడానికి వీల్లేదట. ఆ రోజు ఆ మిషన్ ముందు కూర్చున్న మనిషైనా చెప్పాలి, నేనైనా చెప్పాలి. నా కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. క్యాంటీను వెనక చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర రోజా టిఫిను గిన్నె తోముకుంటోంది. కుడిచేత్తో తోమడం, ఎడమచెయ్యి కోటు జేబులో పెట్టుకోవడం దానికి అలవాటు. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

"వేలు గేటులో నలిగినాదా, ప్రెస్‌లో నలిగినాదా?"

అది నా ముఖం చూసింది. అబద్ధం చెప్పడానికి కూడా ప్రయత్నించలేదు. "ఎవులు సెప్పినారు?" అంది.

ఆ తర్వాత చాలాసేపు అదే మాట్లాడింది. ప్రెస్ పడగానే సూపర్‌వైజరు దాన్ని తన కారులో నర్సింగ్ హోంకి తీసుకుపోయాడు. అక్కడి గుమస్తా దాని మెడలో బ్యాడ్జీ చూసి చీటీ మీద నా పేరు రాశాడు. తర్వాత నాగవంశీ వచ్చాడు. మాస్కు తీయించి ముఖం చూశాడు, విషయం అర్థం చేసుకున్నాడు. బ్యాడ్జీ మార్చుకున్నందుకు ఇద్దర్నీ ఇప్పుడే తీసేయవచ్చన్నాడు. కాదంటే వేలు ఇంటి దగ్గర పోయిందని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. పెడితే మా ఇంటికి రావలసిన పర్మినెంటు ఉద్యోగం ఆ నెలలోనే వస్తుందన్నాడు.

"నీ బ్యాడ్జీ నా మెడలో ఉంది అప్పా. నిజం సెప్తే మొదట నీ ఉద్దోగం పోద్ది. పెట్టీసినాను సంతకం."

"మరి ఉద్దోగం నీ పేరున ఏల వచ్చినాది?"

అది తల దించుకుంది. పెద్దకోడలి పేరున రాయమని అడిగానంది. కుదరదన్నాడట. పర్మినెంటు చేసేముందు డాక్టరు చేతులూ కాళ్ళూ చూస్తాడు. చీటీలో దేవిశ్రీకి వేలు లేదు, డాక్టరు ముందు దేవిశ్రీకి వేలుంటుంది. అందుకని దేవిశ్రీ పేరు ఇక ఏ పర్మినెంటు లిస్టులోకీ ఎప్పటికీ వెళ్ళకూడదన్నాడట.

"నాకు ఎప్పుడూ రాదని నీకు రెండేళ్ళ కిందటే తెలుసన్నమాట."

"తెలుసు."

నేను ఏడేళ్ళ చాకిరీకి ఆశపడ్డాను, ఎనిమిదేళ్ళకి ఆశపడ్డాను, ఈ ఏడాది వస్తుంది, వచ్చే ఏడాది వస్తుందని మా ఆయన గోపి దగ్గర చెప్పుకున్నాను. అది పక్క గదిలో ఉండి అన్నీ వింది. నా ఒళ్ళు మండిపోయింది.

"అది మన పొలానికి వచ్చిన ఉద్దోగం రోజా. మనకి రావలసిందే మనకి లంచంగా ఇచ్చినాడు. నువ్వు పుచ్చుకున్నావు."

"పుచ్చుకున్నాను. నాకూ ఆశ పుట్టినాది," అంది రోజా. ఈసారి తల ఎత్తింది. "ఆ రోజు ఊరంతా నీ కాళ్ళ మీద నీళ్ళు పోసినారు అప్పా. నీ నెత్తి మీద గటం. నాను నీ పేరు మెడకి ఏసుకోని నీ కుర్చీలో కూకున్నాను. అన్నీ నీకే ముందు, ఒక్కటైనా నాకు ముందు రాకూడదా అనుకుంటన్నాను. అలగ అనుకుంటండగానే సెయ్యి లోనికెల్లిపోనాది. రేకు లేదు."

ఇంతకాలం అసూయ నా సొంత ఆస్తి అనుకున్నాను. అది కూడా దాని దగ్గర ఉంది, నాకంటే ముందు నుంచీ ఉంది. ఎందుకో ఆ క్షణాన నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది అదే.

అత్తకి తెలుసా అని అడిగాను. మొదటి రోజే చెప్పానంది. గేటు మాట అత్త కల్పించిందేనట. అంటే రెండేళ్ళుగా నేను మేనకోడలి పక్షపాతం అని ఆవిడ మీద నిప్పులు పోస్తుంటే, ఆవిడ నోరు మూసుకుని పడింది. ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. నా ఉద్యోగం కాపాడటానికే చెప్పలేదంటే కావచ్చు, కాని ఒక రహస్యం వాళ్ళిద్దరూ పంచుకుని నన్ను బయట పెట్టారన్న మాట ముల్లులా దిగింది.

పుణ్యాత్మురాలినైతే అక్కడే దాన్ని కావలించుకుని ఏడ్చేదాన్ని. నేను ఆ పని చేయలేదు. జాలి వేసింది, సిగ్గేసింది, ఆ రెండిటి కిందా పాత మంట అలాగే ఉంది.

ఇంతలో నిఖిత గ్లాసు కడుక్కోవడానికి వచ్చింది. దాని కోటు చేతి మీద పసుపుపచ్చ పెయింటు మరక. రేకు మీద పెయింటు ఇంకా ఆరలేదట.

"రేకు అడ్డొత్తన్నాదప్పా, లెక్క అందటం లేదు," అంది. "రేపు ఈ మేడమ్ ఎల్లిపోగానే తీసేత్తామన్నారు. హాయి."

గ్లాసు కడుక్కుని పాట కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోయింది. రోజా దాని చేతుల వంకే చూస్తూ నిలబడింది. తర్వాత గిన్నె సంచీలో పెట్టుకుని, రెండు గంటలకి ఏం చెబుతావని అడిగింది. నేను కట్టేసిన కుళాయి మళ్ళీ తిప్పాను.

"నువ్వేటి సెప్తే అదే అప్పా," అంది. "నాను మాత్రం నీ పేరు ఎత్తను."

ఒంటిగంటన్నరకి నాగవంశీ కబురు పంపాడు. స్టోరు గదికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళుగా ఏమ్మా అని తప్ప పిలవనివాడు ఆ రోజు దేవిశ్రీ గారూ అన్నాడు. కుర్చీ చూపించాడు. పొద్దున లోపల ఏ ఫైలు తీశారో అతనికి తెలిసిపోయింది.

అతను బెదిరించలేదు. అలా చేసి ఉంటే నాకు పని తేలికయ్యేది. చీటీ మీద పేరు తప్పు పడింది, అది గుమస్తా పొరపాటు అని ఒక్క ముక్క చెప్పమన్నాడు. అలా చెబితే బ్యాడ్జీ సంగతి బయటికి రాదు, ఎవరి ఉద్యోగమూ పోదు. రోజారమణి ఉద్యోగం రోజారమణికి ఉంటుంది. నిజం చెబితే నేనూ రోజా ఇద్దరం ఈ రోజే గేటు బయట ఉంటాం, ఆర్డరు పోతే ఈ లైన్లలో ఉన్న ఆడవాళ్ళందరూ మా వెనకే వస్తారు. వాళ్ళ ఉసురు ఎవరికి తగులుతుందో ఆలోచించుకోమన్నాడు. అన్నీ చెప్పి, బల్ల కింద నుంచి ఒక ప్యాకెట్టు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

ప్లాస్టిక్ కవరు లోపల నీలం కోటు.

"డాక్టరు పరీక్ష అక్కర్లేకుండా చేస్తాను," అన్నాడు. "మీకు ఎప్పుడో రావలసింది."

ఎప్పుడో రావలసిందని నాకు మాత్రం తెలియదా! ఆ ముక్క అతని నోటి నుంచి వినాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో. చివరికి విన్నాను, ఇలా విన్నాను.

ప్రెస్ రేకు ఉంచుతారా అని అడిగాను. నవ్వాడు. అది ప్రొడక్షన్ వాళ్ళ విషయం, మనం మాట్లాడుకునేది వేరే అన్నాడు.

ఆడవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఊరికే ఒకసారి చూద్దామనుకున్నాను, ఒట్టు. కవరు చింపి కోటు తొడుక్కున్నాను. కొత్త గుడ్డ గంజి వాసన. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. కాలరులో ఎక్కడో ఒక గుండుసూది ఉండిపోయి మెడకి గుచ్చుకుంటోంది. అద్దంలో చూసుకున్నాను. బాగున్నాను. ఎనిమిదేళ్ళలో ఆ అద్దంలో నేను అంత బాగా ఎప్పుడూ కనిపించలేదు. గోపికి ఇలా కనిపించాలి, అత్తకి ఇలా కనిపించాలి, ముందుగా రోజాకి ఇలా కనిపించాలి. అంత తెలిసి కూడా నా మనసులో మొదట వచ్చిన కోరిక అదే. ఇక నా మీద నాకే నమ్మకం పోయింది.

గోడ అవతల ప్రెస్ మళ్ళీ మొదలైంది. ఠప్, ఠప్ అని ఒకే తాళంలో పడుతోంది. ఏడాదుల తరబడి ఆ చప్పుడు నా చేతుల్లో ఉండేది, చెవి పెట్టి వింటే చాలు నాకు తెలిసిపోతుంది. రేకు ఉన్నప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక క్షణం ఎడం ఉంటుంది. ఇప్పుడు ఎడం లేదు. ఆమె వెళ్ళేదాకా కూడా ఆగలేదు, మధ్యాహ్నమే విప్పేశారు.

రెండు గంటలు కొట్టింది. కోటు విప్పేసి వెళ్ళడానికి టైము లేకపోలేదు. విప్పలేదు. కాళ్ళు నడిచాయి, కాన్ఫరెన్సు హాలు తలుపు దగ్గర నాగవంశీ పక్కకి జరిగి దారి ఇచ్చాడు. కోటు చూసి తృప్తిగా తల ఊపాడు. నేను తలుపు తోశాను.

కుసుమకుమారి ఎదురుగా రోజా కూర్చుని ఉంది.

దాని ఒంటి మీద నీలం కోటు లేదు. నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. మడత మీద తెల్ల గ్లౌజులు. ఆ పక్కనే దాని ఎడమ చెయ్యి, వేళ్ళు విప్పి, బల్లకి ఆనించి ఉంది. రెండేళ్ళలో పగటి వెలుతురులో ఆ వేలిని నేను నిజంగా చూడటం అదే మొదటిసారి. కొన దగ్గర చర్మం ముడతలు పడి, గులాబీ రంగులో, చిన్నపిల్ల వేలిలా ఉంది.

"ఈవిడ తనంతట తనే వచ్చారు," అంది కుసుమకుమారి. "వేలు చూపించారు. ఎక్కడ పోయిందో, ఎవరి కుర్చీలో పోయిందో మాత్రం చెప్పనంటున్నారు. అది మా అప్ప చెప్పాలి అంటున్నారు."

అలా అంటూ తలెత్తి నన్ను చూసింది. కాలరు నుంచి కింది గుండీ దాకా చూసింది. ఇంకా మడత నలగని కోటు.

"పొద్దున మీరు బూడిద రంగులో ఉన్నారు కదమ్మా," అంది. "ఇదెప్పుడిచ్చారు?"

రోజా వెనక్కి తిరిగింది. కోటు చూసింది. నా మెడ దగ్గర గుండుసూది ఇంకా గుచ్చుకుంటోంది. ఇప్పుడైనా నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వి ఉంటే బతికిపోయేదాన్ని.

"నీకు బాగున్నాదప్పా," అంది మనస్ఫూర్తిగా.

గోడ అవతల ప్రెస్ ఎడం లేకుండా కొడుతోంది. నా వెనక నాగవంశీ తలుపు మూయకుండా అక్కడే నిలబడ్డాడు. కుసుమకుమారి పెన్ను మూత తీసి తెల్ల కాగితం మీద తేదీ వేసింది. నేను మొదటి గుండీ మీద చెయ్యి వేసి, నోరు తెరిచాను.